అప్రకటిత కూర

రేపు ఏం కూర వండుతారో ఈ రోజు అడగడం నేరమని నాకు తెలిసింది ఒక సాయంత్రం, రత్నం మెస్‌లో చెయ్యి కడుక్కుంటూ ఉండగా.

నేను పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. చట్టమంటే భయభక్తులు ఉన్నవాణ్ణి. మా ఆవిడ వర్ధని పోయాక, కాకినాడలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఈ మెస్‌కి రెండు పూటలా వెళ్తున్నాను. పెద్దదేమీ కాదు. పాత పెంకుటిల్లు. ముందు గదిలో బల్లలు, వెనక వంటిల్లు, రెంటికీ మధ్య చేతులు కడుక్కునే కుళాయి.

ఆ కుళాయి దగ్గర నిలబడి, వంటింట్లోకి తల వంచి, "రేపేం కూర, అమ్మాయ్?" అని అడగడం నా అలవాటు. రత్నం గరిటె పక్కన పెట్టి, నావైపు ఒక్క క్షణం చూసి చెప్పేది. "దొండకాయ కొబ్బరికారం, బాబాయిగారూ." ఇంకో రోజు, "ములక్కాడ జీడిపప్పు." నా వెనక నిలబడ్డవాళ్లు విని సంతోషించేవారు, లేకపోతే నిట్టూర్చేవారు. ఇంటికి వెళ్లి తాళం తీస్తే లోపల ఎవరూ ఉండరు. కాని రేపు దొండకాయ కొబ్బరికారం ఉందన్న సంగతి నాతో పాటు లోపలికి వచ్చేది. వర్ధని కూడా దీపం ఆర్పే ముందు రేపటి కూర సంగతి చెప్పి పడుకునేది.

ఆ సాయంత్రం కూడా అడిగాను. రత్నం చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు చూసింది. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఒకాయన లేచి నిలబడ్డాడు. మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది.

"మహాశయా, తమరు ఇప్పుడు కోరినది అప్రకటిత ధరాప్రభావక సమాచారం," అన్నాడు.

"నేను కూర సంగతి అడిగానండి."

"అదే," అన్నాడాయన.

ఇది ఎక్కడ మొదలైందో చెప్పాలి.

ఆ ఏడు మా ఊళ్లో అందరికీ పబ్లిక్ ఇష్యూల పిచ్చి పట్టింది. ఏ కంపెనీ వాటాలు మార్కెట్లోకి వస్తున్నాయన్నా సరే, ఫోన్లో దరఖాస్తు పెట్టేవారు. నాకు గడ్డం గీసే ఆయన కత్తి నా గొంతు మీద ఆపి, "అలాట్‌మెంట్ వచ్చిందాండి?" అని అడిగేవాడు. వాటాలు రాలేదంటే జాలిపడి, మిగతాది మెత్తగా గీసేవాడు. మా మెస్‌లో రోజూ తినే వీర్రాజుకి టైర్ల దుకాణం ఉంది. ఆయన దరఖాస్తు పెట్టని కంపెనీ లేదు.

"ఇది ఏం తయారుచేస్తుంది, రాజుగారూ?" అని ఒకసారి అడిగాను.

"తెలీదండి. లిస్టింగయ్యాక చూడాలి," అన్నాడు పప్పు కలుపుకుంటూ.

అదే రోజుల్లో రత్నానికి ఒక కష్టం వచ్చిపడింది. మెస్ ఉన్న ఇంటి యజమాని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొనుక్కుంటావా సరే, లేకపోతే ఖాళీ చెయ్యి అన్నాడు. రత్నం బ్యాంకుకి వెళ్లింది. తాకట్టుకి ఏముందని అడిగితే, "చేతివంటండి," అందట. బ్యాంకువాళ్లు మర్యాదస్తులు. నవ్వలేదు, మంచినీళ్లిచ్చి పంపించారు.

అలాంటప్పుడు విక్రాంత్ గారు వచ్చారు. హైదరాబాదులో మర్చంట్ బ్యాంకరు. అంటే చేతులు పట్టుకుని కంపెనీలని మార్కెట్లోకి నడిపించుకుపోయే మనిషి. ఎవరిదో పెళ్లికొచ్చి, పెళ్లిభోజనం ఆలస్యమై, ఆకలికి మా సందులోకి దారితప్పాడు. ఆ రోజు గుత్తివంకాయ. తినడం అయ్యాక ఖాళీ విస్తరివైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

"మేడమ్, దీని యాజమాన్యం ఎవరు?"

"ఎవరూ లేరండి. నేనే."

"ఇక్కడ చాలా విలువ బంధింపబడి ఉంది. దాన్ని విడుదల చెయ్యాలి."

రత్నం కంగారుగా పొయ్యివైపు చూసింది. "ఏంటి, గ్యాసాండి?"

గ్యాసు కాదని ఆయన ఓపిగ్గా చెప్పాడు. చిన్న కంపెనీలకి కూడా స్టాక్ ఎక్స్ఛేంజీలో చోటుందని, మెస్‌లో కొంత భాగం వాటాలుగా చేసి జనానికి అమ్మితే ఆ డబ్బుతో ఇల్లు కొనుక్కోవచ్చని చెప్పాడు.

"మళ్లీ తిరిగి ఇవ్వక్కర్లేదాండి?" అంది రత్నం.

"అక్కర్లేదు. వాళ్లు మీ భాగస్వాములు అవుతారు."

"మరి వాళ్లకి నేనేం పెట్టాలండి?"

"వృద్ధి," అన్నాడు విక్రాంత్.

రత్నం ఆ వంటకం పేరు ఎప్పుడూ వినలేదు. అయినా ఇల్లు ఖాళీ చెయ్యడం కన్నా నేర్చుకోవడం నయమనుకుంది.

రత్నం ఫుడ్స్ లిమిటెడ్ పుట్టింది. ఇక ప్రాస్పెక్టస్ రాయాలన్నారు. కంపెనీ గురించి జనానికి చెప్పే పుస్తకం అది. అందులో మంచి కన్నా ముందు చెడు చెప్పాలట. ఈ వ్యాపారం ఏయే విధాలుగా మునగవచ్చో వరసగా రాసి, ఆ తర్వాత రండి కొనండి అని పిలవాలి. పెళ్లిసంబంధాల్లో కూడా ఈ పద్ధతి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. విక్రాంత్ గారి లాయర్లు మెస్ బల్లల మీద కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నారు.

"మీ వ్యాపారానికి ముప్పులేమిటి, మేడమ్?"

"ముప్పంటే ఏముందండి. వానాకాలం కొత్తిమీర కుళ్లిపోద్ది."

"రాసుకోండి," అన్నాడు విక్రాంత్. "వాతావరణ ప్రతికూలత వలన కీలక ముడిసరుకు సరఫరాలో అంతరాయం. ఇంకా?"

"నాకు జ్వరమొస్తే మా ఆడపడుచు వండుద్దండి. ఉప్పు రెండుసార్లేసేస్తది."

"ఏకైక నిర్వాహక వ్యక్తిపై మితిమీరిన ఆధారం. వారసత్వ ప్రణాళికలో లవణ సంబంధ అనిశ్చితి."

రత్నం కాసేపు ఆలోచించింది. "ఒంట్లో బాగోనోళ్లుంటే ఇంటికి చారన్నం పంపుతానండి, ఊరికే. అదీ ముప్పేనాండి?"

విక్రాంత్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చాలా పెద్దది," అన్నాడు.

ఆ చారన్నం సంగతి నాకు తెలుసు. వర్ధని పోయిన కొత్తలో మా ఇంటికి ఒక గిన్నె వచ్చేది. పైన మూత, మూత మీద కాయితంలో చుట్టిన ఒక అప్పడం. ప్రాస్పెక్టస్‌లో దానికి 'ఆదాయరహిత పంపిణీ' అని పేరు పెట్టారు. అప్పడం ప్రస్తావన లేదు.

తర్వాత స్వతంత్ర డైరెక్టరు కావలసి వచ్చాడు. కంపెనీతో ఏ సంబంధమూ లేని పెద్దమనిషి బోర్డులో ఉండి తీరాలట. మొదట నన్నడిగారు.

"ఆవిడ మీకేమవుతారు?"

"ఏమీ కాదండి. బాబాయి అంటుంది."

"ఇక్కడ భోంచేస్తారా?"

"రెండు పూటలా."

"అయితే మీ వివేచన ఇప్పటికే ప్రభావితమైంది," అని నన్ను తీసేశారు. ఊరంతా గాలించి, మా మెస్‌లో ఎన్నడూ మెతుకు ముట్టని పరాంకుశం గారిని పట్టుకొచ్చారు. రిటైర్డ్ తహసీల్దారు. కడుపులో పుండు. మజ్జిగ తప్ప ఏదీ పడదు. ఆయన స్వాతంత్ర్యం మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఇష్యూకి జనం విరగబడ్డారు. మెస్‌లో తినేవాళ్లమంతా దరఖాస్తు పెట్టాం. నాకు కొద్దిగా వాటాలు వచ్చాయి. వీర్రాజుకి జీవితంలో మొదటిసారి అలాట్‌మెంట్ వచ్చింది. ఆ పూట ఆయన తన అప్పడం విరిచి పక్కవాళ్లకి పంచిపెట్టాడు. వాటాలు మార్కెట్లోకెక్కే లిస్టింగు రోజున రత్నాన్ని ముంబై తీసుకెళ్లి, పట్టుచీర మీద దండ వేసి, పెద్ద గంట కొట్టించారు. మేమంతా వీర్రాజు ఫోన్లో చూశాం. గంట మోగగానే అలవాటు కొద్దీ, "వడ్డించేశాం, రండి," అంది. సూట్లు వేసుకున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు నిజంగానే కదిలారు.

డబ్బొచ్చింది. ఇల్లు కొన్నారు. పెంకులు మార్పించారు. అక్కడితో అందరూ సుఖంగా ఉండవలసింది. కాని లిస్టయిన కంపెనీలో నిబంధనలు అమలవుతున్నాయో లేదో చూడటానికి ఒక అధికారి ఉండాలి. ఆయనే ఫణిభూషణ్ గారు, ఇందాక గుమ్మంలో కుర్చీలోంచి లేచిన మనిషి. ఎవరూ లేని మనిషి, లాడ్జిలో గది తీసుకుని దిగాడు.

ఆయన వస్తూనే ఒక సంగతి కనిపెట్టాడు. గుత్తివంకాయ నాడు మెస్ నిండిపోతుంది, వాటా ధర లేస్తుంది. కాకరకాయ నాడు బల్లలు ఖాళీ, ధర కూలబడుతుంది. వీర్రాజు సాయంత్రం కుళాయి దగ్గర నా వెనక నిలబడి రేపటి కూర వింటున్నాడు, మర్నాడు పొద్దున్నే ఆ ప్రకారం కొనడమో అమ్మడమో చేస్తున్నాడు.

"ఇది లోపలి సమాచారంతో చేసిన వ్యాపారం," అన్నాడు ఫణిభూషణ్.

"లోపలేంటండి, ఆవిడ గట్టిగానే చెప్పింది కదా," అన్నాడు వీర్రాజు. "కాకరకాయంటే పడుద్దని చిన్నపిల్లోడికి కూడా తెలుసు."

అది వాంగ్మూలంగా నమోదైంది.

ఆ రోజు నుంచి రేపటి కూరని ముందు ఎక్స్ఛేంజీకి తెలియజేయాలి. వాళ్లు తమ వెబ్‌సైటులో పెట్టేదాకా ఏ ప్రాణికీ చెప్పకూడదు. వాళ్లు పెట్టేసరికి మా విస్తళ్లలో కూర పడేది. అప్పటికి దాని సంగతి మాకు వేరే మార్గాల ద్వారా తెలిసిపోయేది.

తర్వాత కూరగాయల బండి ఆవిడ వంతు వచ్చింది. రత్నం ఏం తూయించుకుందో ఆవిడకి తెలుసు కదా. కాబట్టి రత్నాన్ని రోజూ అన్ని కూరగాయలూ కొనమన్నారు, బండి ఆవిడ చేత గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టించారు. ఆవిడ మరీ నిజాయితీ మనిషి. ఆ రోజు నుంచి వీధిలో ఏం అమ్ముతోందో అరవడం కూడా మానేసింది. బండి మీద గోనెపట్టా కప్పి ఊరికే తోసుకుంటూ వెళ్లేది. మనమే ఊహించుకోవాలి.

ఆ తర్వాత వాసన. పోపు పడగానే వాసన సందులోకి వెళ్తోంది. గాలి తూర్పు నుంచి వీస్తే టైలరుకి ముందు తెలుస్తోంది, పడమటి నుంచి వీస్తే మందుల షాపుకి.

"ఇది సమాచార అసమానత," అన్నాడు ఫణిభూషణ్, కిటికీలు మూయిస్తూ.

"వాసన రాకుండా పోపెయ్యమంటారేంటండి బాబూ," అంది రత్నం, ఆ ఉక్కలో చెమట తుడుచుకుంటూ. "అప్పుడది పోపెలా అవుద్ది?"

"వాసనకి మేం వ్యతిరేకం కాదు. అది మదుపరులందరికీ ఏకకాలంలో అందాలి. అంతే."

మూడు నెలలకోసారి పెట్టుబడి విశ్లేషకులతో ఫోన్లో మాట్లాడే కార్యక్రమం ఉండేది. ఫోను గట్టిగా వినిపించేలా పెట్టి బల్ల మీద ఉంచేవారు. మేం తింటూ వినేవాళ్లం.

"మేడమ్, తలసరి పెరుగు వినియోగం గణనీయంగా పెరిగింది. దీని వెనక మీ వ్యూహం?"

"ఎండలండి."

"రెండో వడ్డనని హేతుబద్ధీకరించే ఆలోచన ఉందా?"

"అంటే ఏంటండి?"

"అడిగినా పెట్టకపోవడం," అని విక్రాంత్ మెల్లగా అందించాడు.

"ఆకలేసి అడిగితే పెట్టకుండా ఎలాగండి," అంది రత్నం. ఆ వాక్యం పూర్తయ్యేలోగా వాటా కిందికి దిగింది.

వీటన్నిటి కన్నా చిత్రమైన సంగతి ఒకటి జరిగింది. కూరలు పోయాయి. ఒకరోజు బంగాళాదుంప వేపుడు. మర్నాడు బంగాళాదుంప కుర్మా. ఆ మర్నాడు ఇగురు. మళ్లీ వేపుడు. మిగిలిన కూరగాయలన్నీ బుట్టల్లో వాడిపోతున్నాయి. జనం తగ్గారు. ధర ఇంకా తగ్గింది. కూర నిర్ణయం ఎక్కడ, ఎప్పుడు, ఎవరిచేత జరుగుతోందో తేల్చడానికి ఫణిభూషణ్ విచారణ పెట్టాడు. పరాంకుశం గారు మజ్జిగ గ్లాసుతో వచ్చి కూర్చున్నారు. నన్ను సాక్షిగా పిలిచారు.

"రేపటి కూరని మీరు ఏ ప్రక్రియ ద్వారా నిర్ణయించేవారు?" అని రత్నాన్ని అడిగారు.

"ప్రక్రియ ఏంటండి. ముందే ఎవరు అనుకుంటారు," అంది. "సాయంత్రం బాబాయిగారు చెయ్యి కడుక్కుంటా అడుగుతారు. ఆయన మొహం చూస్తాను. నీరసంగా ఉంటే పప్పేదో. హుషారుగా ఉంటే కాకరకాయైనా తింటారులే అనుకుంటాను. పిన్నిగారు గుర్తొచ్చినట్టు ఉన్నారనుకోండి, గుత్తివంకాయ. అప్పుడు తోచుద్ది. ఇప్పుడు అడిగేవోళ్లే లేరు. నాకేం తోచట్లేదు. చెయ్యి దుంపల మీదకే పోతంది."

ఫణిభూషణ్ కళ్లలో వెలుగొచ్చింది.

"అంటే సమాచారానికి మూలస్థానం ఈయన ముఖం," అన్నాడు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు తయారైంది. నా ముఖాన్ని అప్రకటిత ధరాప్రభావక సమాచారంగా గుర్తించారు. మెస్ పరిసరాల్లో తిరిగేటప్పుడు దాన్ని తువ్వాలుతో కప్పుకోవాలి, తినేటప్పుడు గోడవైపు తిరగాలి. నేను అభ్యంతరం చెప్పలేదు. గోడకి కొత్తగా సున్నం వేశారు, చల్లగా ఉండేది. ఆ తువ్వాలు వెనక నేను వేరే సంగతి ఆలోచిస్తూ ఉండేవాణ్ణి. నాకు దిగులేసిన రోజుల్లో ఊళ్లో అంతమంది గుత్తివంకాయ తిన్నారని నాకు అంతవరకూ తెలియదు.

వార్షిక సర్వసభ్య సమావేశం దగ్గరపడింది. ఫణిభూషణ్ ఒక తీర్మానం సిద్ధం చేశాడు. ఇకపై మెస్‌లో ప్రతిరోజూ బంగాళాదుంప కూర మాత్రమే వండాలి. కూర మారకపోతే రహస్యం ఉండదు, రహస్యం లేకపోతే నేరం ఉండదు. విక్రాంత్‌కి ఇది బాగా నచ్చింది. "ముందే ఊహించగలిగిన వ్యాపారమంటే మార్కెట్‌కి ప్రాణం," అన్నాడు. సగానికి పైగా వాటాలు తమవైపు ఓటేస్తాయని లెక్కలు కూడా వేసుకున్నాడు.

సమావేశానికి ముందురోజు కుళాయి దగ్గర రత్నం నాకు తుడుచుకోవడానికి గుడ్డ అందించింది. మామూలుగా అయితే అందించదు, అది మేకుకే వేలాడుతూ ఉంటుంది.

"ఇల్లు నిలబడింది, బాబాయిగారూ," అంది మెల్లగా. "నేనే ఇందులో లేను. దుంపలుడకబెట్టడానికి నేనెందుకండి, ఎవరైనా ఉడకబెడతారు. రేపది పాసైపోతే మా ఆడపడుచుకి అప్పజెప్పేసి వెళ్లిపోతాను."

నేను తువ్వాలు లోంచి ఏదో అన్నాను. ఆవిడకి వినబడలేదు. వినబడినా అది అంత గొప్ప మాటేమీ కాదు.

సమావేశం మెస్‌లోనే పెట్టారు. అధ్యక్షస్థానంలో పరాంకుశం గారు, ఆయన ముందు మజ్జిగ. బల్లల దగ్గర వాటాదారులం. ఫణిభూషణ్ లేచి నియమాలు చదివాడు.

"ఈ సభలో ప్రతి వాటాదారుకీ ప్రశ్నించే హక్కు కలదు. యాజమాన్యం సమాధానం చెప్పి తీరవలెను. సభాముఖంగా వెల్లడైనది సర్వులకూ ఏకకాలంలో వెల్లడైనట్లే భావింపబడును. తదుపరి తీర్మానంపై ఓటింగు. ప్రశ్నలు ఉన్నవా?"

వీర్రాజు డివిడెండు సంగతి అడిగాడు. లేదన్నారు. ఇంకెవరూ లేవలేదు. నేను లేచాను. ఏదో పథకం వేసుకుని లేచానని తర్వాత ఊళ్లో చెప్పుకున్నారు. అలాంటిదేమీ లేదు. ఆవిడ వెళ్లిపోతుందన్నప్పుడు, పోయేముందు ఒకసారి అడగాలనిపించింది. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాను.

"రేపేం కూర, అమ్మాయ్?"

ఫణిభూషణ్ సగం లేచాడు. నోరు తెరిచాడు. చేతిలో ఉన్న నియమాల కాయితం వైపు చూసుకున్నాడు. మళ్లీ కూర్చున్నాడు.

రత్నం నా మొహంలోకి చూసింది. ఎప్పటికన్నా ఎక్కువసేపే చూసింది.

"గుత్తివంకాయ, బాబాయిగారూ," అంది.

ఎవరో బల్ల మీద దరువేశారు. వీర్రాజు ఫోను తీయబోయి, చుట్టూ అందరూ తీస్తుండటం చూసి, లాభం లేదని జేబులో పెట్టేసుకున్నాడు.

"సభాముఖంగా చెప్పారు. అందరూ విన్నారు," అన్నాడు ఫణిభూషణ్, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "నిబంధన ప్రకారం ఇందులో దోషం లేదు. అయితే సభ ముగిసిన మరుక్షణం పాత ఉత్తర్వులే అమలులోకి వస్తాయి."

"అయితే ముగించకండి," అంది రత్నం.

పరాంకుశం గారు గ్లాసు కింద పెట్టారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫైళ్లు వాయిదా వేసిన అనుభవం ఆయనది. ఆయన ముఖంలోకి చాలాకాలం తర్వాత కాస్త రక్తం వచ్చింది.

"అధ్యక్షుడు సభని మర్నాటికి వాయిదా వెయ్యవచ్చా?" అని అడిగారు.

"సభ్యుల సమ్మతితో వెయ్యవచ్చు. కారణం నమోదు చెయ్యాలి."

"రాయండి. సభ్యులు భోజనానికి లేచారు."

మేం లేచాం.

ఆ సభ ఇంకా నడుస్తోంది. ప్రతి సాయంత్రం పరాంకుశం గారు మజ్జిగతో వస్తారు. ఫణిభూషణ్ హాజరు చూసుకుంటాడు. నేను చెయ్యి కడుక్కుంటూ ప్రశ్న అడుగుతాను, జవాబు వస్తుంది, దాన్ని ఆయన ఫోన్లో ఎక్స్ఛేంజీకి పంపుతాడు, సభ మర్నాటికి వాయిదా పడుతుంది. బంగాళాదుంప తీర్మానం ఎజెండాలో చివరి అంశం. దానిదాకా ఎప్పుడూ రాలేదు. కిటికీలు తెరుచుకున్నాయి, ఎందుకంటే పోపు పడేసరికి అది పాత వార్త. బండి ఆవిడ మళ్లీ అరుస్తోంది. విక్రాంత్ ఒకసారి వచ్చి ఇదంతా చూసి, "పరిపాలనలో ఇంత పారదర్శకత నేనెక్కడా చూడలేదు," అని రెండోసారి కూర వేయించుకున్నాడు.

మొన్న నాకు జ్వరం వచ్చి వెళ్లలేకపోయాను. సాయంత్రం సభ వేళకి ముందే గేటు చప్పుడైంది. చూస్తే ఫణిభూషణ్. చేతిలో గిన్నె, గిన్నె మీద మూత, మూత మీద కాయితంలో చుట్టిన ఒక అప్పడం.

"ప్రశ్న అడిగే సభ్యుడు గైరుహాజరు. మేడమ్ తమ ముఖాన్ని పరిశీలించి రమ్మన్నారు," అన్నాడు. "వాడిపోయి ఉంటే ఒక కూర, తేటగా ఉంటే ఇంకో కూర అన్నారు. నేను వెళ్లి చెబితే గాని సభ మొదలుకాదు."

నేను వెలుతురులోకి తిరిగాను. ఆయన కళ్లజోడు సర్దుకుని శ్రద్ధగా చూశాడు.

"ఇది ఆదాయరహిత పంపిణీ కదండి," అన్నాను గిన్నె అందుకుంటూ. "మీకేం ఇబ్బంది రాదు కదా?"

"చారన్నం ప్రాస్పెక్టస్‌లో వెల్లడించాం." ఆయన అప్పడం వైపు చూసి కాస్త తటపటాయించాడు. "అది వెల్లడించలేదు. నేను చూడలేదనుకోండి."

మెట్లు దిగి గేటుదాకా వెళ్లాడు. అక్కడ ఆగాడు. సందుకి ఈ చివరా ఆ చివరా చూశాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, గొంతు బాగా తగ్గించి నాతో అన్నాడు.

"బీరకాయ. పాలు పోసి."